మొక్కకి నీళ్ళు పోసేముందు ఒక్క నిమిషం ఆగండి: కుండీలో మొక్క పెరగడానికి ఏమేం కావాలి?

మొక్కలు పెంచడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. "అక్కా, ఏ మొక్క తెచ్చినా నెలకే పోతోంది, నా చెయ్యి మంచిది కాదేమో" అని కొందరు అంటుంటారు. చేతిలో ఏమీ ఉండదండీ. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నా. ముందు ఆ కథ చెప్పేసి, తర్వాత అసలు విషయంలోకి వెళ్దాం.

తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, పెరట్లో ఒక పెద్ద మల్లెపొద ఉండేది. వేసవి సెలవులకి వెళ్తే సాయంత్రం పూట మొగ్గలు కోయడం మా పిల్లల పని. మూడేళ్ళ క్రితం ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు పెరడంతా చదును చేసి సిమెంటు చేయించారు. అమ్మమ్మ మాత్రం అంతకు ముందే ఆ పొదలో రెండు కొమ్మల్ని వంచి, మట్టిలో అంట్లు తొక్కి, వేళ్ళు వచ్చాక వేరుచేసి రెండు కవర్లలో పెట్టి నాకిచ్చింది. "జాగ్రత్తే పిల్లా, ఇక ఆ పొద లేదు, ఉన్నవి ఇవే" అంది.

జాగ్రత్తగానే చూశా. అదే నేను చేసిన తప్పు! హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో రెండు కొత్త ప్లాస్టిక్ కుండీల్లో పెట్టి పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు నీళ్ళు పోసేదాన్ని. కుండీలోంచి నీళ్ళు కారి కింద పడుతున్నాయని కింది ఫ్లోర్ ఆంటీ అంటే, కుండీల కింద పళ్ళేలు పెట్టా. పది పదిహేను రోజులకి ఆకులు పసుపుపచ్చగా మారాయి. ఎండ ఎక్కువైందేమోనని గోడ మూలకి జరిపా. వాడిపోతుంటే దాహం వేస్తోందనుకుని ఇంకో మగ్గు పోశా. బలం లేదేమోనని చారెడు యూరియా వేశా. నెల తిరక్కుండానే ఒక మొక్క పోయింది. పీకి చూస్తే వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి, మురుక్కాలవ వాసన.

అమ్మమ్మకి చెప్పడానికి వారం రోజులు ధైర్యం చాల్లేదు. మిగిలిన ఒక్క మొక్క కూడా అదే దారిలో ఉంది. అప్పుడు కూర్చుని, అసలు మొక్కకి ఏం కావాలి అనేది మొదటి నుంచీ నేర్చుకున్నా. ఆ నేర్చుకున్నదే ఇవాళ మీకు చెప్తున్నా. రెండో మొక్క ఏమైందో చివర్లో చెప్తా.

మొక్క దేన్ని తిని పెరుగుతుంది?

ముందు ఒక చిన్న ప్రశ్న. విత్తనం ఇంత ఉంటుంది, చెట్టు అంత అవుతుంది. ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? మనలో చాలామంది వెంటనే "మట్టిలోంచి" అంటాం.

దాదాపు నాలుగు వందల ఏళ్ళ క్రితం, ఇప్పటి బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే ఆయనకి ఇదే సందేహం వచ్చింది. ఆయన ఒక పెద్ద తొట్టిలో ఎండబెట్టిన మట్టి దాదాపు 90 కిలోలు తూచి వేశాడు. అందులో రెండు కిలోల పైచిలుకు బరువున్న చిన్న విల్లో మొక్క నాటాడు. అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. తర్వాత తీసి తూస్తే చెట్టు 76 కిలోలు దాటింది. మరి మట్టి ఎంత తగ్గింది? 60 గ్రాములు కూడా తగ్గలేదు!

దాంతో ఆయన చెట్టంతా నీళ్ళతోనే తయారైందని తేల్చేశాడు. సగం కరెక్ట్, సగం తప్పు. ఆయన పట్టించుకోనిది గాలి. మొక్క ఆకులకి కంటికి కనపడనంత చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిలోంచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకుంటుంది. వేళ్ళ నుంచి నీళ్ళు తెచ్చుకుంటుంది. ఎండ శక్తితో ఆ రెండింటినీ కలిపి చక్కెర తయారు చేసుకుంటుంది. స్కూల్లో కిరణజన్య సంయోగక్రియ అని బట్టీపట్టాం కదా, అది ఇదే. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే, అదంతా గాలిలోంచి వచ్చిందే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనం కుండీలో వేసే ఎరువుని "మొక్కకి అన్నం" అనుకుంటాం. కాదు. అన్నం అది తనే ఆకుల్లో వండుకుంటుంది. పొయ్యి ఎండ. సరుకులు నీళ్ళు, గాలి. ఎరువు ఆ వంటలో ఉప్పు, పసుపు లాంటిది. లేకపోతే కూర కుదరదు, అలాగని గుప్పెడు ఉప్పు వేస్తే ఎవరూ తినలేరు.

వెలుతురు: ఫోన్ తీయండి, దిక్కు చూడండి

మొక్క కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్‌లో కంపాస్ యాప్ తెరిచి, మీ బాల్కనీ ఎటు చూస్తోందో చూడండి.

తూర్పు వైపైతే పొద్దుటి లేత ఎండ వస్తుంది. కొత్తవాళ్ళకి ఇది చాలా మంచి చోటు. పడమర అయితే మధ్యాహ్నం మాడ్చే ఎండ. దక్షిణం వైపు చలికాలంలో బాగా ఎండ పడుతుంది. ఉత్తరం వైపు చలికాలమంతా దాదాపు నీడే. కానీ ఒక తమాషా ఉంది. హైదరాబాద్ ఉన్న చోట మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తాడు. అందుకే ఉత్తరపు బాల్కనీకి కూడా ఆ నెలల్లో కాస్త ఎండ వస్తుంది. డిసెంబర్‌లో బాగున్న చోటు మే నెలలో బాగుండకపోవచ్చు. కుండీలు ఏడాదికి రెండుసార్లు జరపడానికి సిద్ధంగా ఉండండి.

ఎంత వెలుతురు పడుతోందో తెలుసుకోడానికి ఒక చిన్న పరీక్ష. మధ్యాహ్నం కుండీ పెట్టే చోట అరచెయ్యి అడుగు ఎత్తులో పెట్టి నీడ చూడండి. వేళ్ళు విడివిడిగా, అంచులు గట్టిగా కనిపిస్తే మంచి ఎండ. మసకగా చెయ్యి ఆకారం మాత్రం తెలుస్తుంటే నడిమి వెలుతురు. నీడే పడకపోతే అక్కడ మనీ ప్లాంట్ లాంటివి తప్ప వేరే పెట్టకండి.

కాయలు, పువ్వులు కావాలంటే రోజుకి ఆరు గంటలు నేరుగా ఎండ ఉండాలి. టమాట, మిరప, వంగ, బెండ, గులాబీ, మా మల్లె అన్నీ ఈ లెక్కలోవే. ఆకుకూరలకి, అంటే మెంతికూర, పాలకూర, కొత్తిమీర, పుదీనాకి, మూడు నాలుగు గంటలు ఉన్నా సరిపోతుంది.

వెలుతురు చాలకపోతే మొక్క ఏం చేస్తుందో తెలుసా? పొడుగ్గా ఎదుగుతుంది! మెంతులు రెండు గ్లాసుల్లో చల్లి ఒకటి కిటికీలో, ఒకటి అలమరలో పెట్టి చూడండి. వారానికి అలమరలోదే ఎత్తుగా ఉంటుంది. సంతోషపడకండి. తెల్లగా, సన్నగా, పట్టుకుంటే పడిపోయేలా ఉంటుంది. విత్తనంలో దాచుకున్న కాస్త ఆహారాన్నీ వెలుతురు కోసం సాగడానికే ఖర్చు పెట్టేస్తుంది. మీ ఇంట్లో ఏదైనా మొక్క ఆకుకీ ఆకుకీ మధ్య దూరం పెరిగి, కిటికీ వైపు వంగుతుంటే అది వెలుతురు కోసమే. దానికి ఎరువు వేసి లాభం లేదు.

నీళ్ళు, గాలి: ఈ రెండూ విడివిడి విషయాలు కావు

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. నా మొదటి మల్లె పోయింది ఇక్కడే.

మొక్క పీల్చుకున్న నీళ్ళలో నూటికి 95 పాళ్ళకి పైగా ఆకుల్లోంచి ఆవిరై బయటికి పోతాయి. ఆ ఆవిరే కింద నుంచి నీళ్ళని పైకి లాగుతుంది, ఆకుని చల్లగా ఉంచుతుంది, మట్టిలో కరిగిన పోషకాలని పైకి తెస్తుంది. కాబట్టి నీళ్ళు కావాలి, అందులో అనుమానం లేదు.

కానీ వేళ్ళు ఊపిరి కూడా తీసుకుంటాయి. ఆకులు ఆక్సిజన్ వదులుతాయని తెలుసు కదా, వేళ్ళకి మాత్రం ఆక్సిజన్ కావాలి. నీళ్ళని, పోషకాలని లోపలికి తీసుకోవడానికి వాటికి శక్తి కావాలి, ఆ శక్తి ఊపిరితోనే వస్తుంది. మంచి తోట మట్టిలో దాదాపు సగం చోటు ఖాళీనే. ఆ ఖాళీలో సగం నీళ్ళు, సగం గాలి ఉంటే మొక్కకి హాయి. మనం రోజుకి రెండు మగ్గులు పోసి, కింద పళ్ళెంలో నీళ్ళు నిలవబెడితే ఆ ఖాళీ అంతా నీళ్ళే. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీళ్ళలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అంటే వేళ్ళు మునిగిపోయి ఊపిరాడక చచ్చిపోతాయి. చచ్చిన వేళ్ళని బూజు జాతి తెగుళ్ళు పట్టి కుళ్ళబెడతాయి.

ఇక్కడే అసలు మోసం ఉంది. వేళ్ళు కుళ్ళిన మొక్క నీళ్ళు తాగలేదు. తాగలేకపోతే వాడుతుంది. నీళ్ళు లేక వాడిన మొక్క, నీళ్ళు ఎక్కువై వాడిన మొక్క పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. మనం వాడిందని ఇంకా నీళ్ళు పోస్తాం. నేను చేసింది సరిగ్గా అదే.

"మరి వరి నీళ్ళలోనే ఉంటుంది కదా?" అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. వరి కాండంలో, వేళ్ళలో గొట్టాల్లాంటి గాలి దారులు ఉంటాయి. పైన ఆకుల నుంచి గాలి ఆ దారుల్లో కిందికి దిగి వేళ్ళకి అందుతుంది. తామర తూడుని అడ్డంగా కోసి చూస్తే రంధ్రాలు కనిపిస్తాయి, అవీ అందుకే. టమాటకి, మిరపకి, మల్లెకి అలాంటి ఏర్పాటు లేదు.

సరే, నీళ్ళు ఎప్పుడు పోయాలి? క్యాలెండర్ చూసి కాదు, మట్టి చూసి. చూపుడు వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించండి. వేలికి తడి తగిలి మట్టి అంటుకుంటే ఇవాళ వద్దు. పొడిగా ఉంటే పోయండి. పోసేటప్పుడు పైపైన చిలకరించకండి, కింద రంధ్రంలోంచి కారేదాకా నెమ్మదిగా పోయండి. పావుగంట తర్వాత పళ్ళెంలో మిగిలిన నీళ్ళు పారబోయండి. కింది ఫ్లోర్ ఆంటీకీ ఇబ్బంది ఉండదు, మొక్కకీ ఉండదు.

ఇంకో పద్ధతి, కుండీ ఎత్తి చూడటం. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి, ఎండాక ఒకసారి ఎత్తి చూస్తే బరువు తేడా చేతికి తెలిసిపోతుంది. వారం అలవాటైతే వేలు పెట్టక్కర్లేదు.

ఎండాకాలం మధ్యాహ్నం ఆకులు వాలిపోతే కంగారు పడకండి. సాయంత్రానికి మళ్ళీ లేస్తే దానికేం కాలేదు, ఎండకి కాసేపు అలా అవుతుంది. పొద్దున్నే కూడా వాలిపోయి ఉంటేనే మట్టి చూడండి. ఊరెళ్ళి వచ్చేసరికి మట్టి పూర్తిగా ఎండి కుండీ అంచు నుంచి విడిపోయిందా? పైనుంచి పోస్తే నీళ్ళు ఆ సందులోంచి జారిపోతాయి, లోపల తడవదు. కుండీని టబ్బు నీళ్ళలో అరగంట పెట్టి తీయండి.

మట్టి: బరువుగా ఉండకూడదు

నేల మీద ఉన్న మట్టిలో వానపాములు, చీమలు తిరిగి గుల్ల చేస్తాయి. కుండీలో ఆ పని మనమే చేయాలి. నల్లరేగడి పొలంలో బంగారం, ఒక్కటే తెచ్చి కుండీలో నింపితే తడిస్తే జిగురు, ఎండితే బీటలు. ఎర్రమట్టి ఒక్కటే వేసినా కొన్నాళ్ళకి గట్టిపడి ఇటుకలా అవుతుంది.

నేను ఇప్పుడు వాడే కొలత ఇది: ఏ డబ్బాతోనైనా సరే, ఎర్రమట్టి రెండు డబ్బాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ ఒక డబ్బా, కోకోపీట్ ఒక డబ్బా. కలిపాక తడిపి గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. విడిపోకపోతే కాస్త ఇసుక కలపండి. పేడ మాత్రం పచ్చిది వద్దు. అది మట్టిలో మాగేటప్పుడు వేడి పుట్టించి వేళ్ళని దెబ్బతీస్తుంది.

కుండీ కింద రంధ్రం తప్పనిసరి. అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని చాలామంది చెప్తారు. నిజానికి సన్నటి మట్టిలోని నీళ్ళు కింద ఉన్న పెద్ద రాళ్ళ సందుల్లోకి సులువుగా దిగవు, మట్టి పూర్తిగా నానేదాకా పైనే ఆగుతాయి. అంటే తడి పొర వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. మట్టి కారిపోకుండా రంధ్రం మీద ఒక కుండ పెంకు బోర్లించండి, చాలు.

చోటు కూడా ముఖ్యమే. ఆకుకూరలకి ఆరంగుళాల లోతు చాలు, వెడల్పు టబ్బు మంచిది. టమాట, వంగ, మిరపకి అడుగు లోతు ఉండాలి, కుండీకి ఒక్క మొక్కే. ఆశపడి అయిదు నారు మొక్కలు పెడితే అయిదూ పీచుగా మిగులుతాయి. అలాగని చిన్న మొక్కని మరీ పెద్ద కుండీలో పెట్టినా కష్టమే. వేళ్ళు తాగలేనంత తడి చుట్టూ నిలిచిపోతుంది.

ఎరువు: ఎక్కువైతే దాహం

ఎరువుల బస్తా మీద మూడు అంకెలు ఉంటాయి చూడండి, 19-19-19 అనో, 20-20-0 అనో. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. నత్రజని ఆకుకీ పచ్చదనానికీ, భాస్వరం వేళ్ళకీ పూతకీ, పొటాష్ కాయకీ మొక్క గట్టిదనానికీ అని గుర్తుపెట్టుకోండి. అసలు సంగతి ఇంత సూటిగా ఉండదు గానీ, మొదలుపెట్టడానికి ఇది చాలు. వీటితోపాటు కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, జింకు లాంటివి కొద్దికొద్దిగా కావాలి. మంచి కంపోస్టులో ఇవన్నీ కొంచెం కొంచెం ఉంటాయి.

యూరియాలో 46 శాతం నత్రజనే. ఎకరాల లెక్కన చల్లే సరుకుని నేను చిన్న కుండీలో చారెడు వేశా! ఎరువు ఎక్కువైతే మొక్కకి ఏమవుతుందో మాగాయ పెట్టడం చూసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడోనాటికి ఊట ఊరుతుంది కదా. ఉప్పు ముక్కలోని నీళ్ళని బయటికి లాగేసింది. ఎరువులు కూడా లవణాలే. మట్టిలో లవణాలు మితిమీరితే వేళ్ళు నీళ్ళు తాగడం పోయి, వాటిలోని నీళ్ళే బయటికి వస్తాయి. చుట్టూ తడి ఉన్నా మొక్క దాహంతో చస్తుంది. ఆకుల అంచులు గోధుమరంగులోకి మాడుతున్నాయంటే ముందు దీన్నే అనుమానించండి.

కొత్తవాళ్ళకి నా సలహా: నెలకో రెండు నెలలకో ఒకసారి కుండీకి రెండు గుప్పెళ్ళ వర్మీ కంపోస్టు పైన వేసి మట్టిలో కలపండి. నీళ్ళలో కరిగే ఎరువు వాడాలనుకుంటే ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి, అదీ మట్టి తడిగా ఉన్నప్పుడు. కొత్తగా నాటిన మొక్కకి, జబ్బుపడ్డ మొక్కకి ఎరువు వేయకండి. జ్వరంతో ఉన్న మనిషికి బిర్యానీ పెడతామా? జావ ఇస్తాం. అలాగే ఇదీ.

మన ఎండలు

వేరే దేశాల వీడియోలు చూసి "ఫుల్ సన్" అని కుండీని మే నెలలో డాబా మీద పెట్టేస్తుంటారు. అక్కడి ఎండ వేరు, విజయవాడ, రామగుండం ఎండ వేరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటలో పూత వస్తుంది గానీ నిలవదు, రాలిపోతుంది. అది జబ్బు కాదు, మందు కొట్టకండి. వాన మొదలయ్యాక జూన్, జులైలోనో, చలికి ముందు అక్టోబర్‌లోనో నారు పెట్టుకుంటే సుఖం.

ఎండాకాలం దాటించడానికి మూడు పనులు చేయండి. సగం ఎండని ఆపే గ్రీన్ నెట్ కట్టండి. మట్టి మీద రెండంగుళాల మందం ఎండుటాకులో కొబ్బరి పీచో కప్పండి. కుండీలని దగ్గరదగ్గరగా జరిపితే ఒకదాని నీడ ఇంకోదానికి పడుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ పక్కభాగం ఎండకి కాలితే లోపల వేళ్ళు ఉడికినట్టవుతాయి, దానికి ఒక గోనెపట్టా చుట్టండి. నీళ్ళు తెల్లవారుజామునో పొద్దున్నే ఏడు లోపో పోయండి. ఎండలో ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, అవి మొక్కకి వద్దు.

మరి ఏది తక్కువైంది?

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోండి అంటే ఇది చెప్తా. పంతొమ్మిదో శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త బాగా ప్రచారం చేసిన సూత్రం ఒకటుంది. మొక్క ఎంత ఎదుగుతుందనేది దానికి ఎక్కువగా ఉన్నవాటిని బట్టి కాదు, అన్నిటికంటే తక్కువగా ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని చెక్క పీపాతో పోలుస్తారు. పీపా పలకల్లో ఒకటి పొట్టిగా ఉంటే, మిగతావి ఎంత పొడుగున్నా నీళ్ళు ఆ పొట్టి పలక దగ్గరే కారిపోతాయి.

మనం ఏం చేస్తామంటే, మనకి ఇవ్వడానికి సులువుగా ఉన్నది ఇస్తాం. నీళ్ళు పోయడం సులువు, ఎరువు వేయడం సులువు. పోస్తే ఏదో చేశామన్న తృప్తి. వెలుతురు చాలని మొక్కకి నీళ్ళు, గాలి ఆడని వేళ్ళకి ఎరువు. నా మల్లెకి ఆ రోజుల్లో తక్కువైంది వేళ్ళకి గాలి. నేను గాలి తప్ప అన్నీ ఇచ్చా.

అందుకే మొక్క బాగోలేదనిపిస్తే చేతిలోకి మగ్గు తీసుకోకండి. ఈ వరసలో చూడండి. మొదట మట్టిలో వేలు పెట్టి తడి చూడండి. రెండోది, కింద రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. మూడోది, ఎండ ఎన్ని గంటలు పడుతోందో లెక్కపెట్టండి. నాలుగోది, ఆకు తిప్పి అడుగున పిండినల్లి, పేనుబంక ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఎరువు సంగతి. ఫొటో తీస్తే జబ్బు చెప్పే యాప్‌లు ఉన్నాయి, వాడండి, తప్పులేదు. కానీ ఆ యాప్‌కి ఆకు కనిపిస్తుంది, కుండీలో తడి కనిపించదు. అది మీ వేలికే తెలుస్తుంది.

రెండో మల్లె

చివర్లో చెప్తానన్నా కదా. రెండో మొక్కని కుండీలోంచి జాగ్రత్తగా తీశా. నల్లబడ్డ వేళ్ళన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేశా, తెల్లగా గట్టిగా ఉన్నవి పిడికెడు కూడా లేవు. అన్ని తక్కువ వేళ్ళు అన్ని ఆకులకి నీళ్ళు అందించలేవు కాబట్టి కొమ్మలు కూడా సగానికి కత్తిరించా. చిన్న మట్టికుండీలో ఇందాక చెప్పిన మిశ్రమం వేసి నాటా. మట్టికుండీ గోడల్లోంచి కూడా తడి ఆవిరవుతుంది, నాలాంటి నీళ్ళు పోసే చెయ్యికి అదే సరైంది. పది రోజులు వెలుతురున్న నీడలో ఉంచి, ఎరువు ఏమీ వేయకుండా, మట్టి ఎండితేనే నీళ్ళు పోశా. పోయకుండా ఉండటమే అన్నిటికంటే కష్టమైంది, నిజంగా!

నలభై రోజుల దాకా ఏ కదలికా లేదు. కొమ్మని గోరుతో గీకి, లోపల పచ్చగా ఉందో లేదో చూసుకునేదాన్ని. తర్వాత ఒక కణుపు దగ్గర ఆవగింజంత చిగురు వచ్చింది. అప్పుడు దక్షిణం వైపు ఎండలోకి మార్చా. ఆ ఏడు పువ్వులు లేవు. జనవరిలో అమ్మమ్మ ఫోన్‌లో చెప్తుంటే కొమ్మలు కత్తిరించి, ఆకులు దూసేసి, నీళ్ళు తగ్గించా. మార్చిలో మొగ్గలు వచ్చాయి. మొదటిరోజు లెక్కపెడితే ఏడు.

వీడియో కాల్‌లో చూపించా. మొదటి మొక్క పోయిన సంగతి కూడా అప్పుడే చెప్పా. అమ్మమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పోనీలే. ఆ కింద కొమ్మ ఉంది చూడు, పొడుగ్గా వంగి. వానలు పడ్డాక దాన్ని అంటు తొక్కు. ఒక్కటే ఉంటే భయం కదే" అంది. ఇదిగో, ఈ రెండో కుండీలో ఉన్నది అదే.

ఈ వారం మీ పని

మెంతులు ఒక చారెడు రాత్రి నానబెట్టండి. మూడు టీ గ్లాసులు తీసుకోండి, కాగితంవైనా ప్లాస్టిక్‌వైనా సరే. మూడింట్లోనూ ఒకే మట్టి. మొదటిదానికి అడుగున రంధ్రాలు పెట్టి కిటికీలో పెట్టండి. రెండోదానికి రంధ్రాలు పెట్టకుండా కిటికీలోనే పెట్టి, మట్టి పైన ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండేలా పోయండి. మూడోది రంధ్రాలతో, అలమరలో. మూడు నాలుగు రోజుల్లో మొదటిదాంట్లో మొలకలు వస్తాయి. రోజూ ఒకే టైముకి, ఒకే చోట నుంచి మూడింటికీ ఫొటో తీయండి. పది రోజుల తర్వాత ఆ ఫొటోలు వరసగా జరిపి చూస్తే, నేను ఇంతసేపు చెప్పిందంతా మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. మొదటి గ్లాసుని కిటికీలోనే ఉంచితే, మూడు నాలుగు వారాల్లో పప్పులో వేసుకోవడానికి నాలుగు ఆకులు కూడా వస్తాయి.

వచ్చే ఎపిసోడ్‌లో వంటింటి చెత్తతో వాసన రాకుండా కంపోస్టు ఎలా చేసుకోవాలో చూద్దాం. అప్పటిదాకా నీళ్ళు పోసేముందు మట్టిలో వేలు పెట్టడం మాత్రం మర్చిపోకండి. ఉంటాను, బై.